పదిహేనో రాశిని ఆపిందెవరు? ముడుచుకున్న డైమెన్షన్లు, విశ్వం మొదలు

1980లో అలన్ చోడోస్, స్టీవెన్ డెట్‌వీలర్ ఒక చిన్న పరిశోధనా పత్రం రాశారు. దాని శీర్షికే ఒక ప్రశ్న: ఐదో డైమెన్షన్ ఎక్కడికి పోయింది? లోపలి జవాబు చదివితే ఇంత తేలికా అనిపిస్తుంది. అది ఎక్కడికీ పోలేదు, విశ్వం పెరుగుతుంటే అది తరుగుతూ వచ్చింది.

ఇది చెప్పడానికి వాళ్లు కొత్త సూత్రాలేమీ కనిపెట్టలేదు. ఐన్‌స్టీన్ సమీకరణాలకు ఎడ్వర్డ్ కాస్నర్ 1921లో ఇచ్చిన ఒక పరిష్కారాన్ని తీసుకున్నారు. అందులో పదార్థం ఉండదు. ఉత్త స్థలమే, ఒక్కో దిక్కున ఒక్కో తీరుగా సాగుతూనో కుంచించుకుపోతూనో ఉంటుంది. ఒక్కో దిక్కుకు ఒక్కో ఘాతాంకం. షరతులు రెండే: ఘాతాంకాల మొత్తం 1 కావాలి, వాటి వర్గాల మొత్తం కూడా 1 కావాలి. స్థలానికి మనకు తెలిసిన మూడు దిక్కులకు తోడు ఇంకొకటి ఉందనుకుని ½, ½, ½, −½ వేసి చూడండి. మొత్తం 1. వర్గాలు నాలుగు పావులు, అవీ 1. అంటే విశ్వం వయసు నూరు రెట్లయ్యేసరికి మన మూడు దిక్కులు పది రెట్లు పెరుగుతాయి, నాలుగోది పదో వంతుకు పడిపోతుంది. కాలాన్ని కూడా కలిపి లెక్కపెడితే ఆ నాలుగోదే ఐదో డైమెన్షన్.

ఇంటర్ చదివే పిల్లలు కూడా సరిచూసుకోగల లెక్క ఇది. కానీ ఇందులో ఒక చిక్కుంది. ఆ తరుగుదల ఆగదు. ఇవాళా తరుగుతూనే ఉంటుంది, రేపూ తరుగుతుంది. దాన్ని ఎక్కడో ఒకచోట ఆపి నిలబెట్టేది ఈ సమీకరణాల్లో ఏదీ లేదు. అదనపు డైమెన్షన్ల గురించి రాసేవాళ్లు ఎక్కువగా "అవి ఎందుకు కనిపించవు" అన్న దగ్గరే ఆగిపోతారు. నన్నడిగితే అసలు ప్రశ్న అది కాదు. చిన్నవైపోవడం తేలిక, చిన్నగా ఉండిపోవడమే కష్టం. విశ్వం తొలి క్షణాలకు క్వాంటం సిద్ధాంతాన్ని వర్తింపజేసేవాళ్లు నలభై ఏళ్లుగా తంటాలు పడుతున్నది ప్రధానంగా ఈ రెండో దానితోనే.

ఐదో డైమెన్షన్ కథ చోడోస్, డెట్‌వీలర్‌లకు అరవై ఏళ్ల ముందే మొదలైంది. కోనిగ్స్‌బెర్గ్‌లో పాఠాలు చెప్పే థియొడోర్ కలూజా 1919లో ఐన్‌స్టీన్‌కు ఒక ఆలోచన రాసి పంపాడు. సాపేక్షతా సమీకరణాలను నాలుగు డైమెన్షన్లలో కాక ఐదింటిలో రాస్తే ఏమవుతుంది? నాలుగు డైమెన్షన్ల స్థలకాలం ఆకారం చెప్పడానికి పది రాశులు కావాలి, ఐదింటికి పదిహేను. ఆ పదిహేనులో పది ఎప్పటిలాగే గురుత్వాకర్షణ అయ్యాయి. నాలుగు అచ్చంగా మాక్స్‌వెల్ విద్యుదయస్కాంత క్షేత్రం అయ్యాయి. ఎవరూ అడగకుండానే వెలుతురు సమీకరణాల్లోంచి బయటికొచ్చింది. ఐన్‌స్టీన్ రెండేళ్లు తటపటాయించి 1921లో ఆ పత్రాన్ని అచ్చుకు పంపాడు.

మిగిలింది పదిహేనో రాశి. ఐదో డైమెన్షన్ ఆ చోట, ఆ క్షణాన ఎంత పెద్దదిగా ఉందో చెప్పేది అదే. దానితో ఏం చేయాలో తోచక చాలాకాలం దాన్ని మారని సంఖ్యగా అనుకుని పక్కన పెట్టేశారు. కథంతా ఆ రాశి చుట్టూనే తిరుగుతుందని అప్పటికి ఎవరికీ పట్టలేదు.

1926లో ఆస్కార్ క్లైన్ దానికి ఒక కొలత ఇచ్చాడు. ఐదో డైమెన్షన్ తన చుట్టూ తాను తిరిగి కలుసుకునే వలయం అనుకున్నాడు. క్వాంటం నియమం ప్రకారం వలయం చుట్టూ తిరిగే కణం ద్రవ్యవేగం ఏ విలువ పడితే ఆ విలువ తీసుకోలేదు, మెట్లుమెట్లుగానే ఉంటుంది. మనం బయటి నుంచి చూసే విద్యుదావేశం ఆ ద్రవ్యవేగమే. అందుకే ఆవేశం ఎలక్ట్రాన్ ఆవేశానికి గుణిజాలుగా దొరుకుతుందన్నాడు. ఎలక్ట్రాన్ ఆవేశం ఎంతో తెలుసు కాబట్టి, వెనక్కి లెక్కవేస్తే వలయం చుట్టుకొలత దాదాపు 10⁻³² మీటర్లు వచ్చింది. ప్రోటాన్ కన్నా కోటి కోటి రెట్లు చిన్నది అన్నా తక్కువ చెప్పినట్టే.

చుట్టి గోడకు ఆనించిన చాప వీధి చివర నుంచి కర్రలా కనిపిస్తుంది. ఈ ముడుచుకున్న డైమెన్షన్లూ అంతే, దగ్గరికెళ్లగలిగితే తప్ప అక్కడ ఇంకో దిక్కు ఉందని తెలియదు. అయితే చాప చుట్టినవాళ్లందరికీ ఇంకో సంగతి కూడా తెలుసు. తాడు కట్టకపోతే అది విప్పుకుంటుంది.

క్లైన్ లెక్కలో తాడు లేదు. వలయం చిన్నదైతే ఆవేశం పెరుగుతుంది, పెద్దదైతే తగ్గుతుంది. అంటే పదిహేనో రాశి కదిలితే రసాయనశాస్త్రమే కదులుతుంది. కదల్లేదని మనకు ఎలా తెలుసు? ఆఫ్రికాలో గాబన్ దేశంలోని ఓక్లో దగ్గర యురేనియం గనిలో, దాదాపు రెండు వందల కోట్ల ఏళ్ల క్రితం, ఎవరి ప్రమేయం లేకుండా అణు రియాక్టర్లు నడిచాయి. 1972లో ఆ సంగతి బయటపడింది. అక్కడ మిగిలిన సమేరియం ఐసోటోపుల నిష్పత్తులు అప్పటి న్యూట్రాన్ చర్యల మీద ఆధారపడతాయి, ఆ చర్యలు విద్యుదయస్కాంత బలం మీద ఆధారపడతాయి. లెక్క తేల్చితే, అప్పటికీ ఇప్పటికీ ఆ బలంలో తేడా కోటికి ఒక వంతుకు అటూ ఇటూ లోపే. ఇంకా వెనక్కి, బిగ్ బ్యాంగ్ తర్వాతి తొలి నిమిషాలకు వెళ్తే, అప్పుడు తయారైన హీలియం విశ్వంలోని మామూలు పదార్థపు బరువులో పావు వంతు. ఆ పావు వంతు సరిపోవాలన్నా స్థిరాంకాలు ఇప్పటి విలువలకు బాగా దగ్గరగా ఉండి తీరాలి. అంటే అదనపు డైమెన్షన్లు ఉంటే గనక, అవి ఆగాల్సిన చోట ఆగడం మొదటి సెకనుకు ముందే జరిగిపోయింది.

ఇక ఆ మొదటి సెకను లోపలికి. కోల్‌కతాలో అమల్ కుమార్ రాయ్‌చౌధురి 1955లో ప్రచురించిన సమీకరణం ఆసరాగా పెన్రోజ్, హాకింగ్ 1970 నాటికి నిరూపించింది ఏమిటంటే, మామూలు పదార్థం, మామూలు సాపేక్షత ఉన్నంతవరకు విశ్వాన్ని వెనక్కి నడిపిస్తే సింగ్యులారిటీ, అంటే లెక్క అక్కడితో తెగిపోయే చోటు, తప్పదు. అక్కడ సమీకరణాలు చేతులెత్తేస్తాయి. 10⁻⁴³ సెకన్ల దరిదాపుల్లో స్థలకాలానికే క్వాంటం సిద్ధాంతం కావాలి. విశ్వం మొత్తం ఒకే ఒక్క క్వాంటంగా మొదలైతే "స్థలం", "కాలం" అన్న మాటలకు అక్కడ అర్థమే ఉండదని జార్జ్ లమైత్ర 1931లోనే రాశాడు. ఆ చిన్న వ్యాసం ఒక పేజీ కూడా నిండదు, కానీ క్వాంటం కాస్మాలజీ అంతా దాని వెనకే వచ్చింది.

1967లో బ్రైస్ డివిట్ ఆ ఆలోచనకు సమీకరణం ఇచ్చాడు. జాన్ వీలర్ పేరుతో కలిపి దాన్ని వీలర్–డివిట్ సమీకరణం అంటారు. ఎలక్ట్రాన్‌కు వేవ్ ఫంక్షన్ ఉన్నట్టే విశ్వానికీ ఒకటి రాస్తారు. ఎలక్ట్రాన్ విషయంలో అది "ఎక్కడ ఉండే అవకాశం ఎంత" అని చెబుతుంది, ఇక్కడ "ఏ ఆకారంలో ఉండే అవకాశం ఎంత" అని చెబుతుంది. ఈ సమీకరణంలో కాలం లేదు. విశ్వం బయట గోడ గడియారం ఏదీ ఉండదు కాబట్టి ఉండకూడదు కూడా.

అన్ని ఆకారాలనూ లెక్కలోకి తీసుకుంటే సమీకరణం ఎవరికీ లొంగదు. అందుకని రెండే రెండు సంఖ్యలు ఉంచుకుంటారు: మన మూడు డైమెన్షన్ల పరిమాణం ఒకటి, ముడుచుకున్న భాగం పరిమాణం ఒకటి. మొదటిదాన్ని పెద్ద వ్యాసార్థం, రెండోదాన్ని చిన్న వ్యాసార్థం అందాం. మిగిలిన అనంతమైన వంకరలన్నీ సున్నా అని కొట్టిపారేస్తారు. నిజానికి ఇది అనిశ్చితి సూత్రాన్ని పక్కదారి పట్టించడమే. ఒక రాశి విలువా, దాని కదలికా రెండూ ఒకేసారి సున్నా అనడానికి క్వాంటం సిద్ధాంతం ఒప్పుకోదు. ఈ రంగంలో ఉన్నవాళ్లకు అది తెలుసు, తెలిసే చేస్తారు.

రెండు సంఖ్యలు మిగిలాక సమీకరణం కొండలూ లోయలూ ఉన్న నేల మీద అల నడకలా మారుతుంది. అల ఊగుతూ ఉన్నచోట విశ్వం మామూలుగా, మనకు అలవాటైన తీరులో పెరుగుతుంది. అల ఊగకుండా సన్నగిల్లే చోట మామూలు నడక కుదరదు, టన్నెలింగ్, అంటే కొండ ఎక్కకుండా దాని గుండా దూరిపోవడం, ఒక్కటే దారి. ఇంకొక విశేషం ఉంది. మొత్తం ఘనపరిమాణానికి సంబంధించిన పదం సమీకరణంలో మిగతావాటికి వ్యతిరేక గుర్తుతో వస్తుంది, మామూలు తరంగ సమీకరణాల్లో కాలం వచ్చినట్టు. కాబట్టి విశ్వం పరిమాణమే గడియారం పని చేస్తుంది. "ఏ సెకనుకు ఏం జరిగింది" అని అడగలేం. "పెద్ద వ్యాసార్థం ఇంత ఉన్నప్పుడు చిన్నది ఎంత ఉండే అవకాశం ఉంది" అని అడగగలం. పదిహేనో రాశి గురించి మనకు కావాల్సిన ప్రశ్న కూడా అదే.

ఏ అల అయినా ఎక్కడ మొదలైందో చెప్పకపోతే ఎటు పోతుందో చెప్పలేం. ఆ మొదలు గురించే పెద్ద తగాదా. 1982లో అలెగ్జాండర్ విలెన్‌కిన్ విశ్వం "ఏమీ లేని" స్థితి నుంచి టన్నెలింగ్ ద్వారా వచ్చిందన్నాడు. 1983లో జేమ్స్ హార్టిల్, స్టీఫెన్ హాకింగ్ వేరే దారి చూపించారు: స్థలకాలానికి అంచు లేకుండా, మొదలు దగ్గర నున్నగా మూసుకుపోయే ఆకారాలన్నింటినీ కూడితే వచ్చేదే విశ్వం వేవ్ ఫంక్షన్. వినడానికి రెండూ ఒకేలా ఉన్నా ఘాతంలో ఒక గుర్తు తేడా. హార్టిల్–హాకింగ్ లెక్క శూన్యశక్తి, అంటే ఖాళీ స్థలానికే ఉండే శక్తి, తక్కువగా ఉన్న మొదలును ఇష్టపడుతుంది. విలెన్‌కిన్ లెక్క ఎక్కువగా ఉన్నదాన్ని ఇష్టపడుతుంది. తొలి క్షణాల్లో విశ్వం ఒక్కసారిగా ఉబ్బిన ఇన్‌ఫ్లేషన్‌కు ఎక్కువ శక్తే కావాలి కాబట్టి ఆ గుర్తు చిన్న విషయం కాదు. 2017లో ఫెల్డ్‌బ్రుగె, లేనర్స్, ట్యూరాక్ ఈ రెండు లెక్కల్లోనూ ఒడిదుడుకులు అదుపు తప్పుతాయని వాదించారు. హార్టిల్, ఆయన సహచరులు ఒప్పుకోలేదు. ఆ వాదన పూర్తిగా తేలలేదు.

అదనపు డైమెన్షన్లను ఇందులో పెట్టి చూసినవాళ్లలో జొనాథన్ హాలివెల్ 1986లో చేసిన పని నాకు అన్నిటికన్నా నచ్చుతుంది, ఎందుకంటే అందులో తాడు కళ్లముందు కనిపిస్తుంది. ఆయన తీసుకున్నది ఆరు డైమెన్షన్ల విశ్వం. మనకు తెలిసిన నాలుగు, ఇంకో రెండు చిన్న గోళం ఉపరితలంగా ముడుచుకుని. ఆ గోళం గుండా అయస్కాంత అభివాహం వెళ్తుంది, అంటే గోళం నిండా బయటికి చూసే బలరేఖలు.

ఇక్కడ మూడు శక్తులు పోటీపడతాయి. గోళానికి ఉన్న వంపు దాన్ని లోపలికి లాగుతుంది. బలరేఖలు దాన్ని బయటికి నెడతాయి, ఎందుకంటే గోళం చిన్నదయ్యే కొద్దీ అదే రేఖలు ఇరుకుచోట కిక్కిరుస్తాయి. వాటి శక్తి సాంద్రత వ్యాసార్థం నాలుగో ఘాతానికి విలోమంగా పెరుగుతుంది, వంపుది రెండో ఘాతానికే. కాబట్టి గోళం మరీ చిన్నదైతే గెలుపు బలరేఖలదే, అది నలిగిపోదు. మూడోది శూన్యశక్తి, అది గోళాన్ని ఇంకా ఇంకా విప్పాలని చూస్తుంది. మూడూ కలిసి నేల మీద ఒక లోయను, దాని పక్కన ఒక కొండను, కొండ అవతల దిగువకు పోయే పెద్ద వాలును తయారుచేస్తాయి. లోయలో పడిన గోళం ఆగుతుంది. కొండ దాటినది విప్పుకుంటూ పోతుంది, చివరికి చిన్న డైమెన్షన్లంటూ ఉండవు.

బలరేఖలు మెల్లగా కారిపోయి లోయ పూడిపోదా? పోదు. 1931లో డిరాక్ చెప్పిన నియమం ప్రకారం గోళం గుండా వెళ్లే మొత్తం అభివాహం ఒక కనీస విలువకు పూర్ణాంకం రెట్లే ఉండాలి. ఒకటి, రెండు, మూడు, అంతే. ఒకటిన్నర కుదరదు. కాబట్టి కొంచెం కొంచెంగా తగ్గే దారి లేదు.

ఆ పూర్ణాంకం విశ్వం మొదలులోనూ తలదూరుస్తుంది. హార్టిల్–హాకింగ్ చెప్పినట్టు స్థలకాలం నున్నగా మూసుకోవాలంటే ఇక్కడ రెండు దారులున్నాయి: పెద్ద వ్యాసార్థం సున్నాకు చేరవచ్చు, లేదా చిన్నది చేరవచ్చు. చిన్న గోళం ఒక బిందువుగా మూసుకుంటే దాని గుండా వెళ్తున్న బలరేఖలు ఎక్కడికి పోవాలి? వాటికి చోటు లేదు. అభివాహం సున్నా కానంతవరకు రెండో దారి మూతపడినట్టే. మిగిలేది ఒకటే మొదలు: ముడుచుకున్న గోళానికి మొదటి నుంచే ఒక పరిమాణం ఉంది, సున్నా నుంచి మొలిచింది మన మూడు డైమెన్షన్లే. ఆరింటిలో మూడు పెరగడం, రెండు ఆగడం, ఒకటి కాలం కావడం అనే పంపకం కనీసం ఈ నమూనాలో యాదృచ్ఛికంగా ఉండదు, ఆ బలరేఖల వల్లే వస్తుంది. అయితే అభివాహం అక్కడికి ఎలా వచ్చిందని అడిగితే మాత్రం నమూనా దగ్గర జవాబు లేదు. అది ముందే ఇచ్చిన సరుకు.

కణాలన్నీ అతి చిన్న తీగల కంపనాలే అనే తీగల సిద్ధాంతం వైపు నుంచి ఇంకో జవాబు 1989లో వచ్చింది. రాబర్ట్ బ్రాండెన్‌బర్గర్, కమ్రన్ వాఫా ప్రకారం మొదట్లో తొమ్మిది స్థల డైమెన్షన్లూ చిన్నవే, తీగలు వాటి చుట్టూ చుట్టుకుని బిగించి పట్టుకున్నాయి. ఎదురెదురుగా చుట్టుకున్న తీగలు ఢీకొంటే పట్టు వదులుతాయి. కాలంలో కదిలే తీగ గీసే జాడ రెండు డైమెన్షన్ల పొర, అలాంటివి రెండు తారసపడాలంటే మొత్తం నాలుగు డైమెన్షన్లకు మించకూడదు. కాబట్టి విప్పుకోగలిగేవి మూడు స్థల డైమెన్షన్లే. ఇది మూడు అన్న సంఖ్యకు కారణం చెప్పే అరుదైన వాదన, కానీ తర్వాత విడమర్చి చేసిన లెక్కల్లో ఇంత ధీమాగా నిలవలేదు.

తీగల సిద్ధాంతంలో ఆపడం అనే పని 2003లో ఒక రూపానికి వచ్చింది. షమిత్ కచ్రు, రెనాటా కలోష్, ఆండ్రే లిండే, ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన సందీప్ త్రివేది కలిసి, అభివాహాలతో పాటు కొన్ని క్వాంటం ప్రభావాలను కూడా వాడి ఆరు ముడుచుకున్న డైమెన్షన్లను నిలబెట్టే మార్గం చూపారు. తాడు దొరికింది, కాకపోతే మరీ ఎక్కువ దొరికింది. అభివాహాల పూర్ణాంకాలను రకరకాలుగా మార్చుకుంటూ పోతే తరచుగా చెప్పే అంచనా ప్రకారం 10⁵⁰⁰ లోయలు వస్తాయి. ఒక్కో లోయలో ఒక్కో రకం భౌతికశాస్త్రం. ఇన్నింటిలో మనం ఈ లోయలోనే ఎందుకున్నామో చెప్పాలంటే మళ్లీ విశ్వం వేవ్ ఫంక్షన్ దగ్గరికే రావాలి, అక్కడేమో గుర్తు ప్లస్సా మైనస్సా అన్న తగాదా ఉండనే ఉంది. 2018లో వాఫా బృందం అసలు శూన్యశక్తి ధనాత్మకంగా ఉన్న ఇలాంటి లోయలు తీగల సిద్ధాంతంలో సాధ్యమేనా అని అనుమానం లేవనెత్తింది.

ప్రయోగాల సంగతి తొందరగా చెప్పేయవచ్చు, ఎందుకంటే ఇంతవరకు దొరికింది ఏమీ లేదు. సియాటిల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ బృందం 2020లో న్యూటన్ విలోమ వర్గ నియమాన్ని 52 మైక్రోమీటర్ల దూరం వరకు సరిచూసింది, తేడా లేదు. లార్జ్ హాడ్రాన్ కొలైడర్‌లోనూ అదనపు డైమెన్షన్ల జాడ పడలేదు. 2017 ఆగస్టు 17న దాదాపు 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరం నుంచి వచ్చిన గురుత్వ తరంగం ఇంకో రకం పరీక్ష. గురుత్వాకర్షణ పెద్ద పెద్ద అదనపు దిక్కుల్లోకి కారిపోతుంటే ఆ తరంగం దూరానికి తగ్గ దానికన్నా బలహీనంగా అందాలి. మూడు స్థల డైమెన్షన్లు ఉంటే ఎంత ఉండాలో పొరపాటు పరిధిలో అంతే అందింది. ఇవన్నీ పెద్ద అదనపు డైమెన్షన్లను కాదంటాయి. క్లైన్ చెప్పిన సైజులో ఉన్నవాటి జోలికి ఏ యంత్రమూ వెళ్లలేదు.

ఇక్కడే పదిహేనో రాశి ఇంకోసారి ముందుకొస్తుంది. 1998లో విశ్వ విస్తరణ వేగం పుంజుకుంటోందని తేలింది, అంటే మన లోయ అడుగు, అదే ఇక్కడి శూన్యశక్తి, సున్నాకు కొంచెం పైన ఉంది. చిన్న డైమెన్షన్లు పూర్తిగా విప్పుకుంటే మన నాలుగు డైమెన్షన్ల లెక్కలో శక్తి సున్నా వైపు జారుతుంది. కాబట్టి కొండ అవతలి వాలు మన లోయ కన్నా దిగువ. క్వాంటం సిద్ధాంతంలో దిగువన చోటుంటే ఎప్పటికో ఒకప్పటికి కొండ గుండా దూరిపోక తప్పదు. నాలుగు డైమెన్షన్ల భవితవ్యం గురించి స్టీవెన్ గిడింగ్స్ 2003లో ఈ వాదనే చేశాడు. దీనికి పట్టే కాలం కోట్ల ఏళ్లలో చెప్పదగ్గది కాదు, దాని ఘాతాంకంలోనే వంద పైచిలుకు సున్నాలు రావచ్చు. టెన్షన్ పడాల్సిన పని లేదు.

వెనక్కి చూసినా ఇదే తలుపు ఉంది. విప్పుకుని పోవడం సాధ్యమైతే ముడుచుకుని రావడమూ సాధ్యమే. 2009, 2010ల్లో షాన్ కరోల్ బృందం ఒకవైపు, హోసే బ్లాంకో-పిల్లాడో, విలెన్‌కిన్ తదితరులు ఇంకోవైపు, అన్ని డైమెన్షన్లూ పెద్దవిగా ఉబ్బుతున్న విశ్వంలో అక్కడక్కడ రెండు డైమెన్షన్లు ముడుచుకుని నాలుగు డైమెన్షన్ల బుడగలు పుట్టవచ్చని లెక్కగట్టారు. హాలివెల్ కొండనే ఇటువైపు నుంచి దాటడం అన్నమాట. ఇలాగే తల్లి విశ్వంలో పెద్ద డైమెన్షన్లు మనకన్నా తక్కువగా ఉండి, అందులోంచి మనది పుట్టి ఉంటే, మన మూడు దిక్కులకూ వంపు సమానంగా ఉండదని పీటర్ గ్రాహం, రోనీ హార్నిక్, సుర్జీత్ రాజేంద్రన్ 2010లో చూపించారు. ఆ తేడా కాస్మిక్ మైక్రోవేవ్ నేపథ్యంలో, అంటే తొలినాళ్ల విశ్వం నుంచి ఇంకా మిగిలి వస్తున్న వికిరణంలో, దిక్కును బట్టి కనిపించాలి. ప్లాంక్ ఉపగ్రహం కొలతలను గెలాక్సీ సర్వేలతో కలిపి చూస్తే విశ్వం వంపు దాదాపు 0.2 శాతం పొరపాటు పరిధిలో సున్నా. ఆ తేడా జాడ కనిపించాలంటే ఇన్‌ఫ్లేషన్ సరిగ్గా అవసరమైనంతే సాగి ఆగి ఉండాలి. దానికన్నా ఇంకాస్త ఎక్కువ సాగి ఉంటే వంపు ఇంకా పలచబడి, ఏ టెలిస్కోపుకూ అందనంత చిన్నదైపోయి ఉంటుంది.